బొగ్గుగనిలో మ్రోగిన గంట

సంధ్యవేళ దీపము పెట్టుట మన యిండ్లలో శుభకార్యము. దీపము లేని యింటికి లక్ష్మి రాదని పెద్దలందురు. అట్టి దీపమే మృత్యువునకు ద్వారము తెరచు స్థలములు లోకమునందు కలవు. వానిలో మొదట చెప్పదగినవి బొగ్గుగనులు. అచ్చట వెలుగు లేక మనుష్యుడు పని చేయజాలడు. వెలుగును తీసికొనిపోయిన బ్రదుకజాలడు. ఈ చిక్కును విడదీయుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైబడి పట్టినది. ఆ కాలమున వారు నేర్చినదే నేడు పెట్రోలు నిలువచేయు కొట్లయందును, మందులు చేయు కర్మాగారములయందును, కడకు మన వంటయింటను గూడ ప్రాణములను కాపాడు విద్య. దాని చరిత్ర మన గృహస్థులకు తెలియవలసినదే.

పూర్వయుగముల వృక్షములు భూగర్భమున నణగి బొగ్గుగా మారుచున్నప్పుడు మీథేను అను వాయువు పుట్టి ఆ పొరలలోనే చిక్కుకొని యుండును. బొగ్గును త్రవ్వినకొలది అది వెలికి వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటె తేలిక యగుటచే సొరంగముల కప్పును పట్టుకొని నిలుచును. నూరుపాళ్ల గాలిలో ఇది 5 పాళ్లకు తక్కువగా నున్న పేలదు. 15 పాళ్లకు మించినను పేలదు. నడుమ నున్నప్పుడు మాత్రము ఒక్క రవ్వ చాలును. ఇంగ్లండు గనిపనివారు దీనికి ఫైర్‌డాంప్ అని పేరుపెట్టిరి. మనము మంటగాలి యందము. ఈ మంటగాలి యొక్కటియే పేలిన నష్టము కొంతలో నాగును. కాని ఆ దెబ్బకు నేలపై బడియున్న బొగ్గుధూళి లేచి, అదియు నంటుకొని, మంట సొరంగము వెంట మైళ్లకొలది పరుగెత్తును. ఆ వెనుక మిగులు విషవాయువు, మంటకు దొరకనివారి ఊపిరి తీయును. గనిప్రమాదములలో కాలి చచ్చినవారికంటె ఈ విషవాయువునకు బలియైనవారే తరచుగా నెక్కువ.

పదునెనిమిదవ శతాబ్దిలో కార్లైల్ స్పెడ్డింగ్ అను గని యధికారి కొవ్వొత్తికి బదులుగా నొక యంత్రమును కల్పించెను. ఉక్కుచక్రమును త్రిప్పుచు దానికి చెకుముకిరాయి నానించిన రవ్వలు రాలును. ఆ రవ్వల వెలుగునందే పని చేయవలెను. చక్రము త్రిప్పుటకు పిల్లలను గూడ పెట్టుచుండిరి. రవ్వలో వేడిమి యల్పము గనుక మంటగాలి యంటుకొనదని నాటివారి నమ్మకము. ఆ యంత్రపు రవ్వలకే గనులు పేలినప్పుడు గాని ఆ నమ్మకము సడలలేదు. “చిన్న రవ్వయే కదా” యను ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనగోరెదను. నూటయేబది సంవత్సరముల తరువాత అది మరియొక రూపమున తిరిగి వినబడును.

1812 మే 25వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమునందలి ఫెల్లింగ్ గని పేలి 92 మంది పురుషులును బాలురును మృతినొందిరి. మంటల నార్పుటకై గనిని మూసివేసి, వారములు గడచిన పిమ్మట తెరచి శవములను వెలికి తీసిరి. ఆ కాలమున పత్రికలు ఇట్టి వార్తలను విస్తరించి వ్రాయుట లేదు. ఆ ప్రాంతమున గనిలో చచ్చినవారినిగూర్చి మరణవిచారణ జరుపుటయే అరుదు. ఈ మౌనమును భంగపరచినవాడు జాన్ హాడ్జ్‌సన్ అను ఆ గ్రామపు మతగురువు. చనిపోయినవారిలో ననేకులు అతని సమాజమువారే. అతడు మృతుల పేర్లతో, గని పటముతో, జరిగిన సంగతి నంతయు అచ్చువేయించి లోకమునకు చాటెను. తత్ఫలితముగా 1813లో సండర్లండు నగరమున గనిప్రమాదముల నివారణకై యొక సంఘమేర్పడెను. ఆ సంఘమువారే సర్ హంఫ్రీ డేవీ మహాశయుని సాయము కోరిరి. దీపము కనిపెట్టినవాని పేరు పాఠశాలలో పిల్లలందరు వల్లింతురు. దీపము కావలెనని యడిగించినవాని పేరు ఎవ్వరును తలపరు. నా మట్టుకు నేను హాడ్జ్‌సనుకే మొదటి నమస్కారము చేయుదును.

డేవీ 1815 చివరిభాగమున కొలది మాసములలోనే యొక సూక్ష్మమును కనుగొనెను. సన్నని గొట్టముగుండ మంట ప్రాకజాలదు. ఏలయన, గొట్టపు లోహము మంటలోని వేడిని పీల్చివేయును. వేడి తగ్గిన వాయువు మండదు. గొట్టము మిక్కిలి సన్ననిదైన పొడవు అక్కరలేదు. అట్టి వేలకొలది గొట్టములను ప్రక్కప్రక్కను చేర్చిన నేమగును? తీగెలతో నల్లిన జల్లెడ యగును. చదరపు అంగుళమునకు 784 రంధ్రములుగల తీగవలను దీపము చుట్టును కప్పి, దానిని 1816 జనవరిలో గనిలోనికి పంపిరి. మంటగాలి వలలోనికి జొచ్చి లోపలనే మండినది. బయటి గాలి అంటుకొనలేదు. పైగా మంటగాలి యున్నచోట దీపశిఖపై నీలిరంగు కుచ్చు కనబడుటచే, దీపమే హెచ్చరిక చెప్పు కావలివాడయ్యెను.

డేవీ దీనికి పేటెంటు తీసికొనలేదు. గనుల యజమానులు అతనిని సన్మానించిరి. పొగబండి నిర్మాతగా పిమ్మట ప్రసిద్ధుడైన జార్జి స్టీఫెన్‌సన్ అదే సంవత్సరమున తానును రక్షణదీపమును కల్పించుటచే, మొదటివాడెవడను తగవు పుట్టి చాలకాలము నడచినది. క్లానీ అను వైద్యు డంతకు ముందే 1813లో నొక దీపమును చూపెను. ఆ తగవు మనకు ముఖ్యము కాదు. ముఖ్యమైన దేమన, ఆ పిమ్మట ఏమి జరిగినదనునది.

1835లో బ్రిటిషు పార్లమెంటు సంఘమొకటి లెక్కచూచెను. డరహం, నార్తంబర్లండు ప్రాంతముల గనులలో దీపమునకు పూర్వము 18 సంవత్సరములలో 447 మంది చనిపోగా, దీపము వచ్చిన వెనుకటి 18 సంవత్సరములలో 538 మంది చనిపోయిరి! బొగ్గుత్రవ్వకమును, పనివారి సంఖ్యయు పెరిగినమాట నిజమే. కాని మరియొక కారణము గలదు. ప్రమాదకరములని విడిచివేసిన పొరలలోనికి, గాలి చాలని మూలలలోనికి దీపమును చేతికిచ్చి మనుష్యులను పంపసాగిరి. వల నలిగినను, చిరిగినను, బలమైన గాలివీవునకు మంట ఓరగా వచ్చి వల నెఱ్ఱగా కాల్చినను, ఆ రక్షణ పోవును. గనివానికి కవచముగా వచ్చినది యజమానికి ధైర్యముగా మారినది. గాలి బాగుగ ఆడునట్లు చేయుటకు ధనము కావలెను. దీపమునకు కొలది షిల్లింగులు చాలును.

పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమున విద్యుచ్ఛక్తి గనులలోనికి దిగెను. నీరు తోడుటకు, బండ్లు లాగుటకు, బొగ్గు కోయుటకు మోటారులు వచ్చినవి. వీనితోబాటు మిక్కిలి చిన్నదియు, ఎవ్వరును భయపడనిదియు నగు వస్తువొకటి వచ్చినది. అది గంట. బండ్లను లాగు త్రాడు మైళ్లపొడవున నుండును. దానిని నడపు యంత్రము ఎచ్చటనో యుండును. బండి యాగవలెనన్నను సాగవలెనన్నను యంత్రము కడ నున్నవానికి సైగ అందవలెను. అందుకై సొరంగము పొడవునను రెండు తొడుగులేని తీగెలను సమాంతరముగా కట్టిరి. పనివాడు ఎక్కడ నిలిచియున్నను, చేతితోనైన, కత్తివంటి లోహపుముక్కతోనైన ఆ రెండు తీగెలను కలిపిన యంత్రశాలలో గంట మ్రోగును. కొద్దిపాటి ఘటముల విద్యుత్తు. ముట్టుకొన్నను దెబ్బ తగులదు. తీగెలను విడదీయునప్పుడు చిన్న రవ్వ మెరయును. చిన్న రవ్వయే కదా!

దక్షిణ వేల్సునందలి సెంగెనిద్ గ్రామమున యూనివర్సల్ అను గని యుండెను. దాదాపు 600 మీటర్ల లోతు, మంటగాలి మెండు, పొడిధూళి మెండు. 1901 మే 24న అది పేలి 81 మందిని పొట్టపెట్టుకొన్నది. ధూళిని తడుపుటలేదని అప్పుడే విచారణాధికారులు తప్పుపట్టిరి. 1911లో గనులచట్టము వచ్చినది. ప్రమాదవేళ గనిలోని గాలిని ఎదురుదిక్కునకు మరల్చుటకు తగిన సాధనములను ప్రతి గనియు నేర్పరచుకొనవలెనని అందు విధించి, గడువును గూడ నిర్ణయించిరి. ఈ గని గడువు దాటించెను, గడువు పొడిగించిరి, అదియు దాటినది.

1913 అక్టోబరు 14వ తేదీ ఉదయము ఎనిమిది గంటలు దాటిన కొలది నిమిషములకు గని పేలినది. లోపల సుమారు 950 మంది యుండిరి. ఆ వేగమునకు గని నోటనుండి పంజరము పైకెగసి, పైన నిలిచియున్న యొక పనివానిని చంపినది. లోపల మంటలు దారి నడ్డగించినవి. గాలిని మరల్చు సాధనము లేదు. ఆర్పుటకు నీటిగొట్టములు చాలినన్ని లేవు. ఊపిరియంత్రములతో రక్షకులు బయటి యూళ్లనుండి రావలసివచ్చినది. మరునాటికి 18 మందిని సజీవులుగా కనుగొనిరి; గని నోటికడ జనులు రాత్రియు పగలును వేచియుండిరి. తుదకు లెక్కచూడ 439 మంది కార్మికులును, వారిని రక్షింపబోయిన యొకడును చనిపోయిరి. వారిలో 14 ఏండ్ల బాలురును గలరు. ఆ చిన్నగ్రామమున 200 మందికి పైగా స్త్రీలు భర్తలను గోల్పోయిరి. 500 మందికి పైగా పిల్లలు తండ్రిలేనివారైరి. బ్రిటిషు గనుల చరిత్రలో ఇంతకు మించిన ప్రమాదము లేదు.

ప్రధాన గనిపరీక్షకుడు రెడ్మేను అధ్యక్షతను విచారణ జరిగెను. నిప్పు ఎచ్చట పుట్టినదో నిస్సంశయముగా తేలలేదు, చెప్పవలసినవారు లేకపోయిరి. కాని కప్పు కూలి వెలువడిన మంటగాలికి గంటతీగెల రవ్వ తగిలి యుండుననుటయే మిక్కిలి సంభావ్యమని తలచిరి. మంటగాలి యుండదగిన చోట్ల రవ్వ పుట్టించు సైగతీగెలు పనికిరావను సంగతి చట్టమున లేకపోలేదు. అది యెరిగియు ఎవ్వరును లెక్కసేయలేదు. ధూళి పేరుకొన్నది, గాలికి దిక్కు మార్చు సాధనము లేదు. వీనిలో ఏయొక్కటి సరిగ నున్నను చనిపోయినవారిసంఖ్య తగ్గియుండెడిది.

నేరవిచారణలో గనినిర్వాహకునకు మొత్తము 24 పౌనులు జుల్మానా పడినది. కంపెనీపై నేరము మొదట కొట్టివేయబడి, పైకోర్టుకు పోయిన తరువాత 10 పౌనులు పడినది. నిర్వాహకుని జుల్మానాను చనిపోయిన 440 మందికి పంచిచూడుడు: తలకు ఒక షిల్లింగుకంటె కొంచెము ఎక్కువ. ఆ కాలపు పత్రికలును ఈ భాగాహారము చేసి చూపినవి. నిర్వాహకుని పక్షమున ఒక మాట చెప్పుట న్యాయము. పేలిన వెంటనే అతడు స్వయముగా గనిలోనికి దిగి మనుష్యులను కాపాడ యత్నించెను. ధైర్యమునకు లోటులేని మనుష్యుడు. కాని ప్రమాదదినమున చూపిన ధైర్యము, అంతకు ముందు సంవత్సరముపొడవున చేయక విడిచిన పనికి బదులు కానేరదు.

అప్పుడు శాస్త్రజ్ఞులు ఈ “చిన్న రవ్వ”ను చేతికెత్తుకొనిరి. వీలరు అను రసాయనశాస్త్రజ్ఞుడును, న్యూకాసిలునందలి విద్యుచ్ఛాస్త్రోపాధ్యాయుడు థారంటనును గంటలను తెచ్చి మంటగాలి మిశ్రమములో మ్రోగించి చూచిరి. వీలరు నివేదిక 1915లో వెలువడినది. వారు తేల్చిన దిది. ఘటముల బలము తక్కువ యగుటచే రవ్వ నిరపాయమనుకొనుట పొరబాటు. గంటలో ఇనుపకడ్డీ చుట్టును చుట్టిన తీగ యుండును. విద్యుత్తు ప్రవహించునంత సేపు అది అయస్కాంతమై కొంత శక్తిని దాచుకొనును. తీగెలను విడదీసిన క్షణమున దాచిన శక్తి యంతయు ఆ విడివడినచోట రవ్వగా దుముకును. అనగా అపాయము తీగెలను కలుపుటయందు గాక విడదీయుటయందే అధికముగా నున్నది. మీథేను నంటించుటకు కావలసిన శక్తి యెంతయో తెలిసిన పాఠకులు ఆశ్చర్యపడుదురు. ఒక గ్రాము బరువుగల గింజ మూడు సెంటిమీటర్ల ఎత్తునుండి పడునప్పుడు ఎంత శక్తి వెలువడునో, అంతయే చాలును.

రోగము తెలిసినపిమ్మట చికిత్స కష్టము కాలేదు. దాచుకొన్న శక్తి రవ్వగా రాకుండ పోవుటకు గంటచుట్టకు ప్రక్కదారి నమర్చిరి, ప్రవాహమును మితముచేసిరి. తీగె తెగినను, తగులరానిచోట తగిలినను, అందుండి పుట్టు రవ్వకు వాయువు నంటించు శక్తియే లేకుండ చేయుట యీ పద్ధతి. కొలతయంత్రములు, సైగయంత్రములు, టెలిఫోనులు నేటికిని అపాయస్థలములలో ఈ నియమముననే నడచుచున్నవి.

మోటారునకు మాత్రము ఇది చాలదు. బరువు లాగవలసినదానికి శక్తి తగ్గించి లాభమేమి? దానికి వేరొక యుపాయమును జర్మనీలో కార్ల్ బైలింగ్ అను ఇంజనీరు ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో పరీక్షించి స్థిరపరచెను. గాలి చొరకుండ పెట్టెను మూసివేయుట సాధ్యము కాదు. యంత్రము వేడెక్కి చల్లారినకొలది అది ఊపిరి పీల్చుచునే యుండును. కావున వాయువు లోపలికి రానిమ్ము, లోపల పేలనిమ్ము. పెట్టె మాత్రము పగులనంత గట్టిదిగా నుండవలెను. మూతకును పెట్టెకును నడుమ వెడల్పయిన లోహపు అంచులుండి, వాని సందు మిక్కిలి సన్ననిదై యుండవలెను. మంట ఆ సందునుండి వచ్చులోపల చల్లారిపోవును. ఇది డేవీ తీగవల తప్ప వేరు కాదు! మీథేనునకు ఈ సందు 1.14 మిల్లిమీటర్లకు మించరాదని ప్రయోగములు తెలుపుచున్నవి. హైడ్రోజనునకు అందు నాలుగవవంతు మాత్రమే. నిర్మాణములో నింతకంటె తక్కువయే పాటింతురు. ఈ పెట్టె మూతకు పండ్రెండు మరలుండగా, బాగుచేయవచ్చినవాడు తొందరలో పది బిగించి పోయిన, అంచునకు పట్టిన త్రుప్పును గరుకుకాగితముతో రుద్దిన, చూపునకు పెట్టె యట్లే యుండును; కాని డేవీ వల చినిగినట్లే. ఈ విద్య యంతయు మరలు బిగించు ఆ సామాన్యపు మనుష్యుని చేతిలో నున్నది. అతనికి మనమిచ్చు జీతమును గౌరవమును ఎంతయో ఆలోచింపవలసినదే.

మన దేశమున 1901లో గనులచట్టము పుట్టెను. అయినను 1936లో పోయిడిహి గనిలో 209 మందియు, 1958 ఫిబ్రవరి 19న చినాకురి గనిలో 170 మందికి పైగాను, 1965 మే 28న ధోరీ గనిలో 268 మందియు ప్రేలుళ్లకు బలియైరి. ధన్‌బాదునందు 1956లో నెలకొల్పిన పరిశోధనాలయమున గనియంత్రములను పరీక్షించుచు వచ్చిరి. టన్ను బొగ్గునకు ఎంత వాయువు వెలువడునో చూచి గనులను మూడు శ్రేణులుగా విభజించిరి. వాయువు నూటికి 1.25 పాళ్లకు మించినచో విద్యుత్తును వెంటనే కోసివేయవలెనని నియమము. 1889 నుండి త్రవ్వుచున్న మన సింగరేణి భూగర్భగనులలో అధికభాగము వాయువు తక్కువగల మొదటి శ్రేణికి చెందినవి. ఇది భూమి యొనర్చిన యుపకారమే కాని మన జాగ్రత్త కాదు.

గనులలో తప్పించుకొన్న యపాయము తెలుగునాట కర్మాగారములందు ఎదురైనది. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్టణపు చమురుశుద్ధిశాలలో వంటగ్యాసు కారి, మేఘమువలె ప్రాకి, అంటుకొని దాదాపు 60 మందిని చంపెను. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమునందలి యొక ఔషధ కర్మాగారమున ద్రావకము కారి, దాని యావిరి పేలి 17 మంది మృతినొందిరి. ఇట్టి కర్మాగారములలో ఎల్లప్పుడు వాయువుండు చోటు, అప్పుడప్పుడుండు చోటు, ప్రమాదవశమున మాత్రమే యుండు చోటు అని నేలను మండలములుగా విభజించి, ఏ మండలమున ఏ విద్యుత్పరికరము తగునో శాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. పటములు గీసి గోడలకు తగిలించియే యుందురు. పటము గీచిననాటి గొట్టములే నేడును ఉన్నవా, క్రొత్తగా చేర్చిన పంపునకు మండలమును మరల లెక్కించిరా యను ప్రశ్నను పరీక్షకుడు అడుగవలెను. పరీక్షకుడు అడుగనిచో పత్రికలు అడుగవలెను. హాడ్జ్‌సను చేసిన పని అదియే.

ఇక మన యింటి సంగతి. వంటగ్యాసు మీథేను వలె పైకి పోవునది కాదు. గాలికంటె బరువగుటచే నేలను పట్టుకొని ప్రాకును, గదిమూలలలో నిలుచును. గాలిలో నూటికి రెండు పాళ్లున్న చాలును, పేలును. అందుకనియే వాసన లేని యా వాయువునకు దుర్గంధద్రవ్యమును కలుపుదురు. ఆ వాసన వచ్చినప్పుడు మన స్త్రీలు సాధారణముగా చేయు మొదటి పని దీపపుమీట నొక్కి చూచుట. లేదా వెలుగుచున్న దీపమును భయముచే ఆర్పుట. రెండును కూడవు. వీలరు గంటలు చెప్పినట్లు, ఆర్పుటయందును రవ్వ గలదు. చీకటియైనను సరియే, మీటల నున్నవి యున్నట్లు విడిచి, బండకు పోవు వాయువును కట్టివేసి, తలుపులు కిటికీలు తెరచి, పిల్లలతో బయటికి రావలెను. ప్రక్కయింటివారిని పిలువవలసిన తలుపును చేతితో తట్టవలెను. మన గుమ్మమున నిలిచి లోపలివారిని పిలువబోవు వారికిని దూరమునుండియే కేకవేసి చెప్పవలెను, గంట నొక్కవలదని.